బహువచనంలో దాగిన ఊరు: పాఠశాల చరిత్రలో ప్రపంచ యుద్ధం, రాజవొమ్మంగి

వ్యాససంగ్రహం

పదవ తరగతి చరిత్ర పాఠంలో మొదటి ప్రపంచ యుద్ధం, గూడెం కొండల తిరుగుబాటు ఒకే అధ్యాయంలో, కొద్ది పుటల ఎడంతో కనిపిస్తాయి. అయినా ఒకదాని ఊసు మరొకదానిలో లేదు. తొమ్మిది, పది తరగతుల పాఠాల వాక్యనిర్మాణాన్ని, పదాల ఎంపికను పరిశీలించి ఈ ఎడం ఎలా ఏర్పడిందో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం. రాజవొమ్మంగి ప్రాంతపు తరగతిగదిలో దాన్ని ఎలా పూరించవచ్చు, పూరించే తొందరలో ఏ పొరపాటు జరగవచ్చు అన్న ప్రశ్నలనూ ఇది పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పాఠ్యపుస్తక వచనం, మొదటి ప్రపంచ యుద్ధం, మన్యం తిరుగుబాటు, పితూరీ, వెట్టి, రాజవొమ్మంగి.

ప్రవేశిక

పదవ తరగతి దాటిన విద్యార్థిని మొదటి ప్రపంచ యుద్ధం గురించి అడిగితే సమాధానం సరయేవోలో మొదలవుతుంది. 1914 జూన్ 28న ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య 'తక్షణ కారణం'. సైనికవాదం, రహస్య కూటములు, సామ్రాజ్యవాదం 'దీర్ఘకాలిక కారణాలు'. వెర్సయిల్స్ సంధి, నానాజాతి సమితి 'ఫలితాలు'. మూడు గదుల ఈ చట్రం విద్యార్థికి ఎంతగా అలవాటైందంటే, కళింగ యుద్ధాన్ని అడిగినా, సిపాయిల తిరుగుబాటును అడిగినా అతడు ముందు ఈ గదులు గీసుకుని తర్వాత వాటిని నింపుతాడు. చరిత్ర బోధనలో దీన్ని సౌకర్యం అంటారు. సాహిత్య విద్యార్థి దృష్టిలో మాత్రం ఇది ఒక ప్రక్రియ. ప్రతి ప్రక్రియకూ ఉన్నట్లే దీనికీ తనలో ఇమిడేవి, ఇమడనివి ఉంటాయి.

రాజవొమ్మంగి, అడ్డతీగల వైపు నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న కొందరు విద్యార్థులను ఒకసారి ఇదే ప్రశ్న అడిగాను. అందరూ సరయేవో నుంచే మొదలుపెట్టారు. 'ఆ యుద్ధం జరుగుతున్న రోజుల్లో మీ ఊళ్లలో ఏం జరిగింది?' అన్న రెండో ప్రశ్నకు కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి లాగరాయి దగ్గరి ఊరి అమ్మాయి ఒకరు, 'మా ఊళ్లో ఏం జరుగుతుంది మేడమ్' అన్నారు. ఆ మాటలో వినయం ఉంది, కొంత వ్యంగ్యమూ ఉండవచ్చు. కాని లాగరాయి పేరుతోనే 1915-16లో ఒక పితూరీ జరిగింది. యూరప్‌లో కందకాల యుద్ధం సాగుతున్న రోజులవి. ఈ సంగతి ఆమెకు తెలియకపోవడం ఆమె లోపం కాదు. ఆమె చదివిన పుస్తకంలో యుద్ధం ఉంది, కొండలూ ఉన్నాయి. అవి రెండూ కలిసిన వాక్యం మాత్రం లేదు.

ఒకే అధ్యాయం, రెండు వ్యాకరణాలు

ఆంధ్రప్రదేశ్ పాఠశాలలు ఇటీవల ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యప్రణాళిక వైపు మళ్లాయి. అంతకుముందు 2014లో వచ్చిన రాష్ట్ర పదవ తరగతి సాంఘికశాస్త్ర పుస్తకం 1900-1950 మధ్య ప్రపంచాన్ని రెండు అధ్యాయాలుగా చెప్పింది. రెండు యుద్ధాల కారణాలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం దాని మంచి గుణం. అది గతం కనుక దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను. ఇప్పటి పదవ తరగతి చరిత్రలో మన పరిశీలనకు కావలసిన అధ్యాయం భారతదేశంలో జాతీయవాదం గురించినది.

ఆ అధ్యాయం మొదటి ప్రపంచ యుద్ధంతోనే మొదలవుతుంది. రక్షణ వ్యయం పెరగడం, యుద్ధరుణాలు, కస్టమ్స్ సుంకాల పెంపు, ఆదాయపు పన్ను, 1913-1918 మధ్య ధరలు రెట్టింపు కావడం, పల్లెల్లో బలవంతపు సైనిక భర్తీ, 1918-19, 1920-21 సంవత్సరాల పంటనష్టం, ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి: ఇవన్నీ ఒకటి రెండు పేరాల్లో వస్తాయి. సమాచారంగా ఇది సమగ్రమే. సాధారణంగా యూరప్ యుద్ధభూములకే పరిమితమయ్యే పాఠం ఇక్కడ మన పల్లెల దాకా వచ్చింది, అందుకు రచయితలను మెచ్చుకోవాలి. కాని ఈ పేరాల క్రియలను గమనిస్తే ఒక విషయం బయటపడుతుంది. ధరలు పెరుగుతాయి, పంటలు పోతాయి, జబ్బు వ్యాపిస్తుంది, కొత్త పరిస్థితి ఏర్పడుతుంది. ఎక్కువ వాక్యాల్లో కర్త యుద్ధమే, లేకపోతే కర్తే కనబడదు. తెలుగులోకి వచ్చేసరికి ఈ గుణం మరింత చిక్కబడుతుంది. 'పెరిగాయి', 'ఏర్పడింది', 'జరిగింది' వంటి అకర్మక క్రియలు మన పాఠ్యపుస్తక వచనానికి ప్రాణం. ఎవరు పెంచారు, ఎవరు ఏర్పరిచారు అన్న ప్రశ్న పుట్టకుండానే వాక్యం ముగుస్తుంది. వాన కురిసినట్లు యుద్ధం కురుస్తుంది.

కొన్ని పుటల తర్వాత, గ్రామీణ ప్రాంతాల తిరుగుబాట్ల భాగంలో గూడెం కొండలు వస్తాయి. ఇక్కడ వ్యాకరణం మారుతుంది. వలస ప్రభుత్వం అడవులను మూసివేసింది, పశువులను మేపుకోనివ్వలేదు, వంటచెరకు, పండ్లు ఏరుకోనివ్వలేదు, రోడ్ల పనికి వెట్టి చేయించింది. కర్త స్పష్టంగా ఉన్నాడు, క్రియలు సకర్మకాలు. అల్లూరి సీతారామరాజు వస్తారు. ఆయనకు జ్యోతిషం తెలుసనీ, వైద్యం చేస్తారనీ, తూటాలు ఆయన్ను ఏమీ చేయలేవనీ ప్రజలు నమ్మిన సంగతి వస్తుంది. సహాయ నిరాకరణ ప్రభావం, ఖద్దరు, మద్యనిషేధం, అయినా బలప్రయోగం తప్పదన్న ఆయన నిశ్చయం వస్తాయి. తిరుగుబాటుదారులు పోలీసు ఠాణాలపై దాడి చేస్తారు. 1924లో ఆయనను పట్టుకుని మరణశిక్ష అమలు చేస్తారు. పాఠం అక్కడితో ముందుకు సాగిపోతుంది.

ఇంత సంక్షిప్తంగా చెప్పడంలో తప్పు పట్టడానికి లేదు. దేశమంతటి పిల్లల కోసం రాసిన పుస్తకం అది. కాని 'ఠాణాలపై' అన్న మాట దగ్గర రాజవొమ్మంగి విద్యార్థి ఆగాలి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, వరుసగా మూడు రోజులు మూడు ఠాణాలు. మొత్తం 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు దొరికాయి. రాజవొమ్మంగి ఠాణాలో నిర్బంధంలో ఉన్న మొట్టడం వీరయ్యదొర విడుదలయ్యారు. ఇదంతా ఒక బహువచన ప్రత్యయంలో ఒదిగి ఉంది. ఆ 'ల'కారాన్ని విప్పి చూపే పని ఉపాధ్యాయునిది. మరొకరు చేయలేరు.

మరణశిక్ష అన్న మాట గురించి కూడా ఒక సంగతి చెప్పాలి. శిక్ష అనగానే విచారణ, న్యాయస్థానం, తీర్పు మనసులో మెదులుతాయి. 1924 మే 7న కొయ్యూరులో జరిగినదాంట్లో అవేవీ లేవు. చేతికి చిక్కిన మనిషిని కట్టి కాల్చివేశారు. ఒక్క పదం ఎంపికతో హత్యకు చట్టం రూపు వచ్చింది.

తెగిపోయిన మూడు పోగులు

అసలు ఆశ్చర్యం తొమ్మిదవ తరగతి పుస్తకంలో ఉంది. అడవి సమాజం, వలసవాదం గురించిన అధ్యాయంలో యుద్ధానికీ అడవుల నరికివేతకూ ఉన్న సంబంధాన్ని సూటిగా చెప్పారు. ప్రపంచ యుద్ధాల కాలంలో అటవీశాఖ తన ప్రణాళికలను పక్కనపెట్టి బ్రిటన్ యుద్ధావసరాల కోసం చెట్లను విచ్చలవిడిగా నరికించిందన్నది అక్కడి సారాంశం. అదే అధ్యాయంలో సిద్ధు, కాన్హు, బిర్సా ముండాల సరసన అల్లూరి పేరు కూడా ఉంది. బస్తర్‌లో 1910 తిరుగుబాటుకైతే విడిగా ఒక భాగమే కేటాయించారు.

అంటే యుద్ధం అడవిని నరికింది (తొమ్మిదవ తరగతి), యుద్ధం పల్లెను పీల్చింది (పదవ తరగతి మొదటి పుటలు), అడవిని మూసివేసి వెట్టి చేయిస్తే గూడెం తిరగబడింది (పదవ తరగతి తర్వాతి పుటలు). మూడు పోగులూ పుస్తకాల్లో ఉన్నాయి. ఒక ఏడాది సెలవులు, కొన్ని పుటలు వాటిని విడదీశాయి. సమాచారం లేదని మనం తరచు ఫిర్యాదు చేస్తాం. ఇక్కడ సమాచారం ఉంది, లేనిది సంబంధార్థకం. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే మూడు అసంబద్ధ వాక్యాలు సంశ్లిష్ట వాక్యం కాలేకపోయాయి.

ఈ సందర్భంలో రెండు పదాలను విడిగా చూడాలి. యుద్ధం గురించిన భాగంలో 'భర్తీ', గూడెం భాగంలో 'వెట్టి' అన్నవి పాఠంలోని మాటలు. మొదటిది సైన్యానికి చెందిన మాట, రెండోది పల్లెకు చెందిన మాట. విద్యార్థి మనసులో ఇవి ఎదురుపడవు. నిజానికి 1917లో అవి ఎదురుపడ్డాయి. ఆ ఏడాది ఫ్రాన్స్‌లో రేవుల్లో, అడవుల్లో, రోడ్ల మీద పనిచేయడానికి భారతీయ లేబర్ కోర్ కంపెనీలు వెళ్లాయి. వాటిలో రాంచీ ప్రాంతపు ఆదివాసులు, సంతాలులు, నాగాలు, లుషాయిలు, ఖాసీలు ఉన్నారు. తుపాకీ పట్టని సైనికులు వారు. పట్టింది గొడ్డలి, పార. ఈ భర్తీని వ్యతిరేకిస్తూ 1917లో మయూర్‌భంజ్‌లో సంతాలులు తిరగబడ్డారు. మణిపురం కొండల్లో కుకీల తిరుగుబాటు 1917 నుంచి 1919 దాకా సాగింది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించడంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేయించిన వెట్టి, ఎగవేసిన కూలి మన్యం తిరుగుబాటుకు పేరుపొందిన కారణాలు. ఫ్రాన్స్‌లో రోడ్డు వేసిన కొండమనిషినీ, చింతపల్లి ఘాటులో రోడ్డు వేసిన కొండమనిషినీ ఒకే వాక్యంలో నిలిపితే 'భర్తీ', 'వెట్టి' అన్న రెండు మాటల మధ్య దూరం ఎంతో విద్యార్థే కొలుస్తాడు.

ఇంకొక పోగు ఇంతకంటే గట్టిది. గూడెం తిరుగుబాటును అణచడానికి ముందు మలబార్ స్పెషల్ పోలీసును దింపారు. 1921 మాప్పిళ్ల తిరుగుబాటు నేపథ్యంలో ఏర్పడిన దళం అది. ఆ తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చింది. ఆ దళానికి ఆ పేరు వచ్చింది 1917లో. మొదటి ప్రపంచ యుద్ధంలో దాని జవాన్లు గూర్ఖా రెజిమెంట్లతో కలిసి విదేశీ రంగాల్లో చేసిన సేవకు గుర్తింపు అది. కుకీలను అణచడంలోనూ ఆ దళం పాల్గొంది. పేరులోనే ప్రపంచ యుద్ధాన్ని మోసుకుంటూ ఒక సేన గూడెం కొండలెక్కింది. ఈ ఒక్క సంగతి తెలిసిన పిల్లవాడికి 'యుద్ధం ఎక్కడో జరిగింది' అని చెప్పడం కష్టం.

పితూరీ అన్న మాట

లాగరాయి సంగతికి వస్తే, అక్కడ మాటే అడ్డం పడుతుంది. కొండల్లో జరిగిన తిరుగుబాట్లను ప్రభుత్వ రికార్డులు 'ఫితూరీ' అన్నాయి. ఉర్దూ ద్వారా పరిపాలనా భాషలోకి వచ్చిన ఈ మాటకు అల్లరి, కల్లోలం అని అర్థం. 1879-80 రంపా తిరుగుబాటు దగ్గర నుంచి ప్రతిదానికీ ఇదే పేరు. మైదాన ప్రాంతపు తెలుగులో ఆ మాట క్రమంగా అర్థం మార్చుకుంది. 'పితూరీలు చెప్పడం' అంటే ఇవాళ ఒకరి మీద మరొకరికి చాడీలు చెప్పడం. దొరలకు ఎదురు తిరగడానికి వాడిన మాట దొరల దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేయడానికి వాడే మాటగా మారడం అర్థవిపరిణామ అధ్యయనంలో ఉదాహరించదగిన విషయం. తరగతిలో 'లాగరాయి పితూరీ' అంటే పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వును ఆపకూడదు, అక్కడి నుంచే పాఠం మొదలుపెట్టవచ్చు. ఈ పేరు ఎవరు పెట్టారు, కొండవాళ్లు తమ పోరాటాన్ని ఏమని పిలుచుకుని ఉంటారు అన్న ప్రశ్న భాషా పాఠానికీ చరిత్ర పాఠానికీ ఉమ్మడిది.

పొరుగున తమిళంలో ఇందుకు భిన్నమైన ఉదాహరణ ఉంది. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు రేవులోని చమురు ట్యాంకుల మీద గుళ్లు కురిపించింది. ఆ ఓడ పేరు తమిళ వాడుకలో గడుసువాడికి పర్యాయపదమైంది. ఒక్క రాత్రి దాడి భాషలో నిలిచిపోయింది. లాగరాయి పితూరీ పొరుగు ఊరి జ్ఞాపకంలో కూడా నిలవలేదు. సముద్రతీరానికీ కొండకూ జ్ఞాపకాల పంపకంలో సమానత్వం లేదనుకోవాలి.

కారణమని తేల్చే తొందర

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ పోగులన్నీ కలిపి 'మొదటి ప్రపంచ యుద్ధం వల్ల మన్యం తిరుగుబాటు వచ్చింది' అని రాయిస్తే అది మరొక తప్పు పాఠం. యుద్ధానికి ముప్పై ఏళ్ల ముందే 1882 మద్రాసు అటవీ చట్టం ఉంది. పోడు మీద ఆంక్షలు, ముఠాదారుల హక్కుల కోత, వర్తకుల అప్పులు అంతకంటే పాతవి. 1879-80 రంపాకు ఏ ప్రపంచ యుద్ధమూ కారణం కాదు. గూడెం, రంపా పితూరీలను దీర్ఘకాల వరుసగా చూడాలని డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో సబాల్టర్న్ స్టడీస్ తొలి సంపుటంలో చేసిన పరిశీలన ఇప్పటికీ విలువైనదే. యుద్ధాన్ని తెచ్చి కొండ మెడకు కట్టడం కూడా ఒకరకమైన కేంద్రవాదమే అవుతుంది. యూరప్‌లో ఏదో జరిగితే తప్ప కొండవాడు కదలడన్న అర్థం దానిలో దాగి ఉంటుంది. లాగరాయి 1915-16 మీద యుద్ధం నీడ ఎంత, స్థానిక కక్షలు ఎంత అన్నది రికార్డులు చూసి తేల్చవలసిన విషయం, తరగతిలో తేల్చేది కాదు.

కనుక కారణాలు, ఫలితాలు అన్న చట్రానికి బదులు 'అదే కాలంలో' అన్న చట్రం మేలనిపిస్తుంది. అది వినయమైన సంబంధం. ఒకే పాలన ఒకే ఏళ్లలో ఒకచోట పన్ను పెంచి, ఒకచోట మనుషులను ఓడ ఎక్కించి, మరొకచోట అడవి కంచె బిగించింది. ఆ పాలన ఒక్కటేనన్న ఎరుక విద్యార్థికి కలిగితే చాలు. ఏది దేనికి దారితీసిందో తర్వాత చదువుకుంటాడు.

స్థానికత పేరుతో ఆదివాసీ పిల్లలకు ప్రపంచ చరిత్రను తగ్గించి చెప్పాలన్న వాదం కూడా అప్పుడప్పుడు వినబడుతుంది. దానితో నేను ఏకీభవించను. సరయేవో, సోమ్, మెసపొటేమియా, యుద్ధంలో చనిపోయిన దాదాపు 74,000 మంది భారతీయ సైనికులు: ఇదంతా రాజవొమ్మంగి విద్యార్థికి కూడా పూర్తిగా అందాలి. తగ్గించవలసింది ఏమీ లేదు. కలపవలసిందే ఉంది.

కవిత్వం చేయగల సాయం

పాఠ్యపుస్తక వచనం చేయలేని పనిని తెలుగు కవిత్వం కొంత చేసిపెట్టింది. శ్రీశ్రీ 1938లో రాసిన 'దేశచరిత్రలు' గీతం చరిత్ర బోధన మీద వచ్చిన అత్యంత సూటి విమర్శ. రాజుల పేర్లకూ యుద్ధాల తేదీలకూ వెనక ఉన్న పేరులేని శ్రామికులు ఎవరని నిలదీసిన కవిత అది. దాన్ని తెలుగు వాచకంలో మాత్రమే చదివి, చరిత్ర పీరియడ్‌లో మళ్లీ రాజుల పేర్లే వల్లించడం మన విద్యావిధానంలోని చిత్రం. అదే శ్రీశ్రీ 1974లో 'అల్లూరి సీతారామరాజు' చిత్రానికి రాసిన 'తెలుగు వీర లేవరా' పాటకు జాతీయ పురస్కారం వచ్చింది. రాజవొమ్మంగి పిల్లలకు అల్లూరి మొదట తెలిసేది ఆ పాట ద్వారానే. ఈ రెండు రచనలనూ పక్కపక్కన పెట్టి చదివించవచ్చు. ఒకటి పేరులేని వారిని వెతుకుతుంది, మరొకటి ఒక వీరుణ్ణి పిలుస్తుంది. ఒకే కవిలోని ఈ రెండు గొంతుల మధ్య గాం గంటందొర, గాం మల్లుదొర, మొట్టడం వీరయ్యదొర ఎక్కడ నిలబడతారు? పాఠంలో వారి పేర్లు లేవు. అండమాన్ శిక్ష అనుభవించి వచ్చిన మల్లుదొర 1952లో తొలి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యారు. పౌరశాస్త్ర పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దూరంగా వెతకనవసరం లేదు.

తిలక్ 'సైనికుడి ఉత్తరం' రెండో యుద్ధానికి దగ్గరి ప్రవేశం. తీరాంధ్ర పిల్లలకు ఆ యుద్ధం చెప్పడం సులువు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కొంతకాలం గుంటూరుకు తరలిపోయింది. బర్మా నుంచి నడిచి వచ్చిన వారి కథలు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉన్నాయి. కొండల్లో ఈ ఆనవాళ్లు పలచన. కనుక ఇక్కడ మొదటి యుద్ధమే దగ్గరి యుద్ధం అవుతుంది. పుస్తకం క్రమానికి ఇది తలకిందులు.

వెనక నుంచి చదవడం

ఆ క్రమాన్నే తిప్పి ప్రయత్నించి చూడాలని నా సూచన. సరయేవోతో కాక 1922 ఆగస్టు 24తో పాఠం మొదలుకావాలి. పిల్లలు రోజూ తిరిగే ఊరిలో ఒక ఠాణా ఉంది, దానిలో ఆయుధాలు ఉన్నాయి, ఒక బందీ ఉన్నాడు. అక్కడి నుంచి ఒక్కో అడుగూ వెనక్కి వేయాలి. ఆ తర్వాత వచ్చిన సేన పేరు ఎందుకు మారింది? 1917లో. 1917లో ఏం జరుగుతోంది? కొండమనుషులు ఫ్రాన్స్‌కు ఓడ ఎక్కుతున్నారు. ఎందుకు? అక్కడి మనుషులు కందకాల్లో చనిపోతున్నారు కనుక పనికి మనుషులు చాలడం లేదు. ఎందుకు చనిపోతున్నారు? ఇప్పుడు సరయేవో వస్తుంది. వచ్చేసరికి అది కంఠస్థం చేయవలసిన 'తక్షణ కారణం'లా ఉండదు, తాను వెతుక్కుంటూ వెళ్లి చేరిన ఊరులా ఉంటుంది.

పరీక్షకు ఇది పనికివస్తుందా అని ఉపాధ్యాయ మిత్రులు అడుగుతారు. పరీక్షలో అడిగేవన్నీ ఈ దారిలోనే తగులుతాయి, వరుస మాత్రమే వేరు. జవాబు రాసేటప్పుడు విద్యార్థి వరుస మార్చి రాసుకోగలడు. కాని ప్రశ్నపత్రంలో లేని ఒక ప్రశ్న అతడి దగ్గర మిగులుతుంది. రాజవొమ్మంగి ఠాణాలో దొరికిన తుపాకులు ఎక్కడ తయారయ్యాయి, ఎవరి డబ్బుతో కొన్నారు, ఏ దారిన ఈ కొండకు వచ్చాయి?